స్టాండు లేని సైకిలు

కిందటేడు ఉగాది మరునాడు మా అక్క కొడుకు యలహంక నుంచి హలసూరులోని మా ఇంటికి కొత్త సైకిలు మీద వచ్చాడు. వచ్చినవాడు లోపలికి రాకుండా గేటు దగ్గరే తచ్చాడుతున్నాడు. ఏమిట్రా అని వెళ్లి చూస్తే, సైకిలు ఎక్కడ ఆనించాలో తెలియక వెతుక్కుంటున్నాడు. దానికి స్టాండు లేదు. మడ్‌గార్డులు లేవు, కారియర్ లేదు, బెల్లు లేదు, చైను మీద కవరు లేదు. ఇన్ని లేకుండా చేసినందుకు ఎంత తీసుకున్నారురా అని అడిగాను. లక్షా నలభై వేలట!

"లేనివాటికే మామా డబ్బు. బరువు తగ్గుతుంది" అంటూ రెండు వేళ్లతో ఎత్తి చూపించాడు. నిజమే, తొమ్మిది కిలోలకు మించి ఉండదు. నా బండి ఇరవై కిలోల పైమాటే. మా ఆవిడ గడపలో నిలబడి అంతా విని, "దీని మీద బియ్యం బస్తా ఎట్లా తెస్తావు నాయనా?" అంది. ఆ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు రాలేదు.

నా సైకిలు నేను ఉద్యోగంలో చేరిన 1974లో కొన్నది. మద్రాసు పక్కన అంబత్తూరులో తయారైన బండి. నల్ల రంగు, తోలు సీటు, 28 అంగుళాల చక్రాలు, ఇనుప కడ్డీలతో లాగే బ్రేకులు. ఆ రోజుల్లో మన బెంగుళూరు తూర్పు వైపు ఫ్యాక్టరీల్లో సాయంత్రం సైరన్ కూసిందంటే గేట్ల లోంచి సైకిళ్లు ఏరులా పారేవి. ఆ ఏటిలో పడితే మనం తొక్కనక్కర్లేదు, అదే తీసుకుపోయేది. పదవీ విరమణ చేసేదాకా ఆ బండి మీదే వెళ్లాను. అందుకని సైకిలు గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదని ఒక గర్వం ఉండేది. ఈ వ్యాసం ఆ గర్వం గురించే.

మా వాడు కాఫీ తాగుతూ నాకు మొదటి పాఠం చెప్పాడు. నేను పెడలు కిందికి తొక్కడం మాత్రమే నేర్చుకున్నానట, అది సగం పనేనట. కాలిని పైకి లాగేటప్పుడు కూడా పని చేయించాలట. అందుకోసం బూటు అడుగున ఒక బిళ్ల, దాన్ని పట్టుకునే పెడలు. కాలు పెడలుకు అతుక్కుపోతుంది, మడమ పక్కకు తిప్పితే ఊడుతుంది. తాళ్లతో, పట్టీలతో కాలిని కట్టే పాత క్లిప్పులు పోయాయి కనుక దీనికి క్లిప్‌లెస్ అని పేరు. కాలిని అతికించే వస్తువుకు అతకనిదని పేరు పెట్టినవాడి తెలివికి నమస్కారం పెట్టాలి. ఆ మధ్య హలసూరు చెరువు దగ్గర సిగ్నల్‌లో మా వాడు మడమ తిప్పడం మరిచిపోయి, ఎర్రదీపం ఎదుట, నిలుచున్న చోటే పక్కకు ఒరిగిపోయాడట. ఆ సంగతి వాడు చెప్పలేదు, వాళ్లమ్మ చెప్పింది.

ఎద్దు బండిని లాగేటప్పుడు కాలు కిందికి తన్నుతుంది కాని పైకి లాగదు కదా అన్నాను. ఎద్దుకు బూట్లు లేవు అన్నాడు వాడు. ఇలా కాదని మా అబ్బాయి చేత ఇంటర్నెట్‌లో వెతికించాను. 2007లో వచ్చిన ఒక పరిశోధన దొరికింది. బాగా తొక్కే సైకిలు పందేల వాళ్లు ఎనిమిది మందిని పెట్టి, మామూలుగా తొక్కితే ఎంత ఊపిరి ఖర్చవుతుంది, కావాలని పైకి లాగుతూ తొక్కితే ఎంత ఖర్చవుతుంది అని కొలిచారు. పైకి లాగితే పెడలు మీద బలం చక్కగా పడిన మాట నిజమే. కాని అదే పనికి ఒళ్లు ఎక్కువ శక్తి ఖర్చు పెట్టింది. అంటే మంచి నడక అనిపిస్తుంది, ఆయాసం ఎక్కువ. మా వాడికి ఫోనులో చదివి వినిపించాను. "కాలు జారకుండా అయినా ఉంటుంది కదా మామా" అన్నాడు. అది వేరే మాట అన్నాను.

తర్వాత కోడిగుడ్డు చైన్‌వీలు. వాడి స్నేహితుడొకడు గుండ్రని చైన్‌వీలు తీసేసి కోలగా ఉన్నది వేయించుకున్నాడట. పెడలు నడినెత్తిన ఉన్నప్పుడు, అడుగున ఉన్నప్పుడు కాలికి బలం రాదు. అడ్డంగా ఉన్నప్పుడే వస్తుంది. కాబట్టి బలం వచ్చే చోట చక్రం పెద్దదిగా, రాని చోట చిన్నదిగా ఉంటే మేలు అని లెక్క. వినడానికి న్యాయంగానే ఉంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. జపాను కంపెనీ షిమానో 1983లో బయోపేస్ అని ఇలాంటి కోల చక్రాన్నే తెచ్చింది. 1980లలో అమెరికాలో, యూరప్‌లో ఎన్నో సైకిళ్లకు అదే వేసి అమ్మారు. దాని లెక్క సరిగ్గా తలకిందులు. బలం వచ్చే చోట చక్రం చిన్నది, రాని చోట పెద్దది! దానికీ శాస్త్రం చెప్పారు, మోకాళ్లకు మంచిదన్నారు. పదేళ్లు తిరక్కుండా అది కనుమరుగైంది. ఇప్పటి కోల చక్రం దానికి అడ్డం తిరిగింది. 2012లో బ్రాడ్లీ విగ్గిన్స్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది అలాంటి చక్రంతోనే. కాని ఆ ముందూ తరవాతా గుండ్రని చక్రంతో గెలిచినవాళ్లే ఎక్కువ. ఉప్పు ఎక్కువైతే రుచి అని ఒకడు, తక్కువైతే రుచి అని ఒకడు, ఇద్దరూ మన దగ్గర డబ్బు పుచ్చుకుంటే మనం ఏమనుకోవాలి?

టైర్ల విషయంలో అయితే నాకు పండగే. మా వాడి సైకిలు టైరు వెడల్పు 25 మిల్లీమీటర్లు. మన బొటనవేలి కంటే కాస్త లావు. దాన్ని రాయిలా గాలి కొట్టాలి. సన్నగా, గట్టిగా ఉంటే వేగంగా దొర్లుతుందని పందేల వాళ్లు ఎన్నో ఏళ్లు నమ్మారు. 23 మిల్లీమీటర్లు, అంతకన్నా సన్నం కూడా వాడారు. గచ్చు లాంటి నున్నటి రోడ్డు మీద అది సరే కావచ్చు. గతుకుల రోడ్డు మీద గట్టి టైరు ప్రతి గతుక్కూ బండినీ మనిషినీ ఎగరేస్తుంది. ఎగరేయడానికి ఖర్చయిన శక్తి ముందుకు పోవడానికి రాదు. మెత్తని టైరు గతుకును తనలో మింగుకుంటుంది. ఈ సంగతి పందేల వాళ్లు కూడా మెల్లగా ఒప్పుకుని ఇప్పుడు 28కి, అంతకు మించి కూడా వచ్చారు. శ్రావణ మాసం నాటికి మా వాడి బృందంలో సగం మంది 32కి మారారు. నా టైరు అంగుళంన్నర. అంటే వాళ్ల లెక్కలో 40 దగ్గర. పాలవాడు, పోస్టుమాను, నేను యాభై ఏళ్లుగా ఇదే తొక్కుతున్నాం. "ఇంకో పదేళ్లకు కారియర్ కూడా కనిపెడతార్రా" అన్నాను.

దానికి మా వాడు ఊరుకోలేదు. మరుసటి ఆదివారం చరిత్ర చదువుకుని వచ్చాడు. "మామా, నీలాంటివాళ్లు అప్పుడూ ఉన్నారు" అని మొదలుపెట్టాడు. బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి టైరు తయారుచేసి 1888లో పేటెంటు తీసుకున్నాడు. ఉబ్బిన ఆ టైర్లను చూసి జనం నవ్వారు. 1889లో విల్లీ హ్యూమ్ అనే ఆయన ఆ టైర్లతో బెల్‌ఫాస్ట్ పందేలకు వచ్చి, గట్టి రబ్బరు చక్రాల వాళ్లను వెనక్కి నెట్టేశాడు. నవ్వులు ఆగిపోయాయి. అలాగే గేర్లు. టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆన్రీ డెగ్రాంజ్‌కు గేర్లంటే గిట్టదు. నలభై అయిదు దాటిన వాళ్లకు తప్ప అవి అక్కర్లేదని ఆయన అభిప్రాయం. చైనును ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి దాటించే గేర్లను ఆ పందెంలో 1937 దాకా రానివ్వలేదు. ఆయన పెత్తనం వదిలాకనే వచ్చాయి. "ఆ డెగ్రాంజ్ నువ్వే మామా" అన్నాడు.

గేర్లను నేను ఎప్పుడూ కాదనలేదు. నందికొండ మీదికి ఫ్యాక్టరీ స్నేహితులతో వెళ్లినప్పుడల్లా సైకిలు నన్ను కాక, నేనే సైకిలును ఎక్కించినవాణ్ణి. నా బండికి ముందు 44 పళ్లు, వెనక 18. పెడలు ఒక్కసారి తిరిగితే అయిదు మీటర్ల పైన పోతుంది. మా వాడి చిన్న గేరులో రెండు మీటర్ల చిల్లరే పోతుంది. ఒకే కొండ, పొట్టి మెట్లు. అంతే. అందులో మాయ లేదు, ఎవరైనా లెక్కపెట్టి చూసుకోవచ్చు. నలభై అయిదు ఎప్పుడో దాటినవాణ్ణి, డెగ్రాంజ్ కూడా నాకు అనుమతి ఇచ్చేవాడు.

సరే, ఇంతవరకు మాటల పోటీ. ఇక్కడి నుంచి చెప్పడం కొంచెం కష్టం.

మా నాయన నాకు సైకిలు నేర్పినప్పుడు, బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కే వయసులో, రెండు సూత్రాలు చెప్పాడు. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్లూ నేలకు ఆనాలి. బ్రేకు వెనకదే పట్టాలి, ముందుది పడితే పల్టీ కొట్టి మూతి పళ్లు రాలతాయి. ఈ రెండూ నా ఒంటికి పట్టేశాయి. ముందు బ్రేకు కడ్డీ వంగినా ఏళ్ల తరబడి బాగుచేయించలేదు, వాడితే కదా!

మా వాడు ఒకసారి నా వెనకే వస్తూ చూసి, "మామా, రెండు బ్రేకులూ కలిపి పట్టు. ముందుదే ఎక్కువ పట్టు. ఆగేటప్పుడు బరువంతా ముందుకొస్తుంది, వెనక చక్రం తేలికై జారుతుంది" అన్నాడు. ఇది కూడా ఆ బూటు బిళ్లల బాపతే అనుకున్నాను. "మీ నాన్నకు కూడా సైకిలు నేర్పింది నేనే, వెళ్లు" అన్నాను. ఇనుప రిమ్ము వానలో పట్టదు, అల్యూమినియం రిమ్ము కాస్త పడుతుంది, డిస్కు బ్రేకు ఇంకా బాగా పడుతుంది అని కూడా చెప్పాడు. యాభై ఏళ్లుగా ఈ ఊరి వానలో తొక్కుతున్నాను అన్నాను. నిజానికి వానలో ఈ బ్రేకు పట్టదని వాడి కంటే నాకే బాగా తెలుసు. తెలిసిన సంగతినే ఇంకొకరు చెబితే కాదనడం ఎంత సులభమో చూడండి.

కిందటి అక్టోబరులో ఒక సాయంత్రం, వాన వెలిసి తుంపర పడుతుండగా, కూరగాయల సంచి హ్యాండిల్‌కు తగిలించుకుని వస్తున్నాను. చెరువు వైపు దిగే వీధి, పెద్ద వాలు కూడా కాదు. నిలిపి ఉన్న రెండు ఆటోల మధ్య నుంచి ఎనిమిదేళ్ల పాప గబుక్కున రోడ్డు మీదికి వచ్చింది. బ్రేకు పట్టాను. వెనకదే పట్టాను. పట్టానన్న సంగతి బండికి తెలియలేదు. తడిసిన రిమ్ము మీద రబ్బరు నూనె రాసినట్టు జారింది. కేక వేశాను. పాప బెదిరి ఆగిపోయింది. హ్యాండిల్ భుజానికి తగిలి బోర్లా పడింది.

మోచెయ్యి చీరుకుంది, గడ్డం కింద చిట్లింది. ఆటో ఆయనే మమ్మల్ని దగ్గర్లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. రెండు కుట్లు పడ్డాయి. వాళ్లమ్మ పనిచేసే ఇంటి నుంచి పరుగెత్తుకొచ్చింది. తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ పాపను ఒళ్లోకి తీసుకుని చూసుకుని, తరువాత నా వైపు తిరిగి అరవంలో, "మీకేమైనా దెబ్బ తగిలిందా పెద్దాయనా, ఈ వయసులో" అని అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంట్లో ఏమీ చెప్పలేదు. టమాటాలు చితికాయేమిటని మా ఆవిడ అడిగితే సంచి జారిందన్నాను. నాలుగు రోజులు సైకిలు తియ్యలేదు. అయిదో రోజు మా వాడికి ఫోను చేసి జరిగింది చెప్పాను. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. "ఆదివారం పొద్దున వస్తాను మామా" అన్నాడు, అంతే.

ఆదివారం ఆరు గంటలకు, వీధిలో ఎవరూ లేనప్పుడు, మా మనవరాలి చేత రోడ్డు మీద సుద్దముక్కతో రెండు గీతలు గీయించాం. పై గీత దగ్గర నుంచి తొక్కకుండా వాలు మీద బండిని వదలాలి. కింది గీత దగ్గర బ్రేకు పట్టాలి. ఎంత దూరంలో ఆగుతుందో మనవరాలు అడుగులు వేసి లెక్కపెట్టాలి. ముందు బ్రేకు కడ్డీని మా వాడు అంతకు ముందే సరిచేశాడు. పొడిగా ఉన్నప్పుడు వెనక బ్రేకు ఒక్కటే పడితే నా బండి ఏడు అడుగులకు ఆగింది. రెండూ కలిపి పడితే అయిదు. మొదటిసారి ముందు బ్రేకు పట్టేటప్పుడు గుండె దడదడలాడింది. మా నాయన ఎక్కడి నుంచో చూస్తున్నట్టే అనిపించింది. పల్టీ కొట్టలేదు. ఒళ్లు ముందుకు పోకుండా చేతులు గట్టిగా ఆనించి, మెల్లగా బిగిస్తే కొట్టదు. ఒక్కసారిగా గుంజితే కొడుతుందని వాడే చెప్పాడు, అంటే మా నాయన మాట పూర్తిగా తప్పు కాదు.

తరువాత రెండు చక్రాల మీదా బకెట్టుతో నీళ్లు పోశాం. రెండు బ్రేకులూ పడితే పన్నెండు అడుగులు. వెనకది ఒక్కటే పడితే పదిహేడు. మనవరాలు "పదిహేడు తాతా" అని వీధి చివర నుంచి అరిచింది. ఆ వీధిలో ఆటోల నుంచి పాప పడిన చోటికి పదిహేడు అడుగులు లేవు. మా వాడి బండి మీద నీళ్లు పోసినా నాలుగు అడుగులకు ఆగింది. ఎవరం ఏమీ మాట్లాడుకోలేదు. మనవరాలు మాత్రం ఇంకోసారి ఆడదాం అంది. దానికి ఇంకా అసలు సంగతి తెలియదు.

ఆ రోజే మా ఆవిడకు చెప్పాను. సాయంత్రం ఇద్దరం వెళ్లి పాపను చూసి వచ్చాం. కుట్లు విప్పారు, గడ్డం కింద సన్నని గీత మిగిలింది.

సైకిలును షాపుకు తీసుకెళ్తే సాయిబు గారు చాలాసేపు చూసి పెదవి విరిచారు. ఈ బ్రేకు రబ్బరు రిమ్ము లోపలి వైపు పట్టేది. అల్యూమినియం రిమ్ము వేస్తే ఈ కడ్డీ బ్రేకు కుదరదు, బ్రేకు మార్చాలంటే ముందు ఫోర్కు కూడా మార్చాలి. "అన్నీ మార్చాక అది మీ బండి ఎట్లా అవుతుంది సార్?" అన్నారు. ఆఖరికి రబ్బర్లు కొత్తవి వేసి, కడ్డీలు సరిచేసి ఇచ్చారు. అప్పటి నుంచి నాది ఎండ బండి. మబ్బు పడితే తాళం వేసి నడుస్తాను, లేదా బస్సెక్కుతాను. రోజూ మబ్బు పట్టే ఈ ఊళ్లో దాని వల్ల నడక బాగా పెరిగింది.

వెళ్లేముందు మా వాడు బిడియపడుతూ, "ఇంకొక్కటి చెప్పనా మామా, దీనికి పైసా ఖర్చు లేదు" అన్నాడు. సీటు. పెడలును అడుక్కు తెచ్చి మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలట. నాకు రెండంగుళాల పైన తక్కువుంది. మా నాయన రెండో సూత్రం అది. ఇన్నేళ్లుగా మడిచిన కాలితో తొక్కుతున్నాను. మోకాలి ముందు భాగంలో పన్నెండేళ్లుగా నొప్పి. వయసు అనుకుని నూనె రాసుకుంటున్నాను. మొదట అంగుళం ఎత్తాం, పదిహేను రోజుల తరవాత ఇంకో అంగుళం. ఆగినప్పుడు కాలు అందక మొదట్లో రెండుసార్లు తూలాను. ఇప్పుడు సీటు మీంచి ముందుకు దిగి నిలబడడం అలవాటైంది. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, నూనె సీసా మాత్రం మునుపటి కన్నా మెల్లగా అయిపోతోంది. దీన్ని నేను ముప్పై ఏళ్ల కిందట ఎవరు చెప్పినా వినేవాణ్ణి కాదు. డబ్బు అడిగేవాడి మాట నమ్మకూడదని నేర్చుకున్నవాణ్ణి, డబ్బు అడగనివాడి మాట కూడా అదే మూటలో కట్టి అటక మీద పెట్టాను.

ఈ ఏడు సంక్రాంతికి మా వాడు మళ్లీ వచ్చాడు. ఈసారి సైకిలును తిన్నగా తెచ్చి మా మెట్ల కటకటాలకు ఆనించాడు, చోటు తెలుసు కనుక. చూస్తే చైన్‌వీలు కోలగా ఉంది! స్నేహితుడి దగ్గర సగం ధరకు కొన్నాడట. నవ్వు పెదవి దాకా వచ్చింది, మింగాను. మనవరాలు చెప్పకుండానే సుద్దముక్క తెచ్చింది. అదే వీధి వాలును ఈసారి కింది నుంచి పైకి, కోల చక్రంతో అయిదుసార్లు, సాయిబు గారి షాపులో గుండ్రనిది వేయించి అయిదుసార్లు తొక్కించాను. గడియారం నా చేతిలో ఉంది. కోల చక్రంతో తొక్కిన అయిదింటిలోనే ఒకదానికి ఒకదానికి మధ్య ఉన్న తేడా, రెండు చక్రాల మధ్య తేడా కంటే ఎక్కువ వచ్చింది. ఏమీ తేలలేదని వాడే ఒప్పుకున్నాడు.

అయినా మళ్లీ కోలదే వేయించుకుని వెళ్లాడు. ఎందుకురా అంటే, "ఏమో మామా, మోకాలికి కాస్త హాయిగా ఉంది" అన్నాడు. మోకాలి మాట వచ్చింది కనుక నేను ఏమీ అనలేదు.